సెయింట్ లూషియాలో ఇద్దరి బస: గది చూసే ముందు రాత్రి భోజనం ఎక్కడో తేల్చుకోవాలి

సెయింట్ లూషియా కరీబియన్ సముద్రంలో 43 కిలోమీటర్ల పొడవు, 22 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చిన్న దీవి. మ్యాపు మీద చూస్తే ఏ మూల నుంచి ఏ మూలకైనా అరగంటలో వెళ్లి రావచ్చనిపిస్తుంది. ఉత్తరాన రోడ్నీ బేలో గది తీసుకుని, నైరుతి తీరంలో పిటాన్ కొండల ఎదుట కొవ్వొత్తి వెలుగులో భోంచేసి వచ్చేద్దామని చాలా జంటలు లెక్క వేసుకునేది అందుకే. ఆ లెక్క తప్పుతుంది. రోడ్నీ బే నుంచి పిటాన్ల పక్క ఊరు సూఫ్రియేర్‌కి కారులో గంటన్నర పడుతుంది. దారి పొడవునా కొండ మలుపులే. చీకటి పడ్డాక చాలా చోట్ల వీధి దీపం ఉండదు, వాన పడితే రోడ్డు అంచు కూడా కనబడదు. భోజనానికి మూడు గంటల ప్రయాణమంటే ఆ సాయంత్రం మొత్తం కారులోనే అయిపోయినట్టు.

ఈ దీవిలో గదీ భోజనమూ వేర్వేరుగా తీసుకునే నిర్ణయాలు కావు. బస ఎక్కడ పెట్టుకుంటే రాత్రి భోజనం కూడా దాదాపుగా అక్కడే ఖాయమైపోతుంది. కాబట్టి ముందు రాత్రులు ఎలా గడవాలో ఊహించుకుని, ఆ తర్వాత గది వెతకాలి. హోటల్ ప్రకటనల్లో ఫొటోలు మధ్యాహ్నం పూట తీసినవి. డబ్బు ఎక్కువగా పోయేది మాత్రం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్యే.

ఉత్తరమా, సూఫ్రియేరా

పెద్ద విమానాలు దిగే హెవనోరా విమానాశ్రయం దీవి దక్షిణ కొసన వ్యూ ఫోర్ట్‌లో ఉంది. రాజధాని కాస్ట్రీస్ పక్కనున్న చిన్న విమానాశ్రయం పొరుగు దీవుల విమానాలకే. హెవనోరా నుంచి సూఫ్రియేర్ ముప్పావు గంట నుంచి గంట, రోడ్నీ బే గంటన్నర. డబ్బుకు వెనకాడనివారికి ఉత్తరానికి హెలికాప్టర్ ఉంది, సుమారు 10 నిమిషాల్లో దింపుతుంది.

రోడ్నీ బేలో నేల చదును, ఇసుక బీచ్ పొడవు, నడిచి వెళ్లేంత దూరంలో పదుల కొద్దీ రెస్టారెంట్లు. ప్రతి రాత్రీ ఒక కొత్త చోట తినొచ్చు. శుక్రవారం రాత్రి పక్కనే గ్రోస్ ఇలే ఊళ్లో వీధి జాతర ఉంటుంది: బొగ్గుల మీద కాల్చిన చేప, పెద్ద పెద్ద స్పీకర్లు, రోడ్డు మధ్యలో నాట్యం. గదులు మామూలు గదులే, ఏసీ, అద్దాల తలుపులతో. అక్కడి నుంచి పిటాన్లు కనబడవు.

సూఫ్రియేర్ వైపు సంగతి పూర్తిగా వేరు. 770 మీటర్ల గ్రో పిటాన్, 743 మీటర్ల పెటీ పిటాన్ సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచి నిలబడతాయి. 2004లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హోటళ్లు కొండ వాలు మీద దూరదూరంగా ఉంటాయి. బయటికెళ్లి తినాలంటే ప్రతిసారీ టాక్సీ పిలవాలి, కాబట్టి ఐదు రాత్రులు ఉంటే నాలుగు రాత్రులు హోటల్లోనే తింటారు. మూడో రోజుకి మెనూ మొత్తం కంఠస్థమైపోతుంది. బుక్ చేసే ముందు హోటల్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రాత్రి భోజనానికి ఎన్ని చోట్లు తెరిచి ఉంటాయి, మెనూ ఎన్ని రోజులకు మారుతుంది?

ఐదారు రాత్రులున్న జంటకు రెండు చోట్లా బస పెట్టుకోవడమే మంచి పద్ధతి. ముందు ఉత్తరాన రెండు రాత్రులు, చివర సూఫ్రియేర్‌లో మూడు. తిరుగు విమానం దక్షిణం నుంచే కనుక ఆఖరి ఉదయం హడావిడి ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. పిటాన్ల ముందు మూడు రాత్రులు గడిపాక మళ్లీ ట్రాఫిక్‌లోకి వెళ్లాలనిపించదు. మధ్యలో మారే రోజు రోడ్డు కంటే వాటర్ టాక్సీ నయం. పడమటి తీరం గాలికి చాటున ఉంటుంది కనుక కెరటాలు తక్కువ, కొండలన్నీ పడవలోంచే చూడొచ్చు. సామాను మాత్రం ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకోవాలి, సముద్రపు జల్లు తప్పదు. కొండమలుపుల్లో కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు పడవ ఎక్కేముందు కూడా మాత్ర వేసుకోవడం మంచిది.

నాలుగో గోడ లేని గది

సూఫ్రియేర్ వైపు హోటళ్ల ప్రత్యేకత గోడ లేని గది. జేడ్ మౌంటెన్, లడేరా లాంటి చోట్ల సముద్రం వైపు గోడ కట్టకుండా వదిలేస్తారు. 2006లో తెరిచిన జేడ్ మౌంటెన్‌లో ఉన్నవి 29 గదులు, వాటిలో 24 గదులకు లోపలే ఈతకొలను ఉంటుంది. ఒక్కో గదికి ఒక్కో వంతెన. టీవీ, ఫోన్ ఉండవు. కొలను అంచు సముద్రంలో కలిసిపోయినట్టుండే ఫొటోలు అందరూ చూసినవే. ఆ ఫొటోలో రాత్రి సంగతులు ఉండవు.

గోడ లేదంటే ఏసీ పనిచేయదు. పైనున్న ఫ్యాను, తూర్పు నుంచి వచ్చే గాలీ, ఈ రెండే చల్లదనం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇవి చాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో గాలి పడిపోయిన రాత్రులు ఉంటాయి. ఒంగోలు, విజయవాడ ఎండల్లో పెరిగినవారికి ఆ వేడి లెక్క కాకపోవచ్చు కానీ తేమ మాత్రం తెలుస్తుంది: ఉతికిన బట్ట ఆరదు, పాస్‌పోర్ట్ అట్ట ముడుచుకుంటుంది, ఏసీ కారులోంచి తెచ్చిన కెమెరా అద్దం మీద పావుగంట దాకా ఆవిరి వదలదు. ముఖ్యమైన కాగితాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే సరిపోతుంది.

చీకటి పడగానే చెట్టు కప్పలు మొదలుపెడతాయి. వేలి గోరంత కప్ప, గొంతు మాత్రం ఈల వేసినట్టు. వేలకొద్దీ కప్పలు తెల్లవార్లూ కూస్తాయి. కొందరికి అదే జోలపాట, కొందరికి కంటిమీద కునుకు ఉండదు. తేలిక నిద్రవాళ్లు చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు తెచ్చుకోవాలి. దోమతెర మంచం చుట్టూ ఉంటుంది. పడుకునే ముందు దాని అంచుల్ని పరుపు కిందకి దోపాలి. వేలాడదీసి వదిలేస్తే దోమలు లోపలే చిక్కుకుంటాయి. డెంగ్యూ ఈ దీవిలోనూ ఉంది కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

తెల్లవారాక వచ్చే అతిథులు వేరు. బననాక్విట్ అని పిచ్చుక కంటే చిన్న పిట్ట, పొట్ట పసుపు, కంటి మీద తెల్లని గీత. టీ ట్రేలో పంచదార పొట్లం కనిపిస్తే చాలు, ముక్కుతో చించి తినేస్తుంది. పండ్ల పళ్లెం మూత పెట్టకుండా స్నానానికి వెళ్తే వచ్చేసరికి మామిడి ముక్కలు సగమే మిగులుతాయి. పంచదార డబ్బాలో వేసి మూతపెట్టడం, పండ్లు ఫ్రిజ్‌లో పెట్టడం, ఈ రెండూ చేస్తే గది శుభ్రంగా ఉంటుంది. ఆ పిట్టలకే కావాలని చిటికెడు పంచదార వేసి కూర్చునేవాళ్లూ ఉన్నారు. అది చూడ ముచ్చటే కానీ, పంచదారకు చీమలు కూడా వస్తాయి.

ఇంకో సంగతి మెట్లు. కొండ వాలు హోటళ్లలో మంచి దృశ్యం పైగదులకే దక్కుతుంది, బీచ్ మాత్రం అడుగున ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు, గర్భిణులు, బీచ్ నుంచి గదికి ఎన్ని మెట్లు, వాహనం ఎంతసేపటికోసారి తిరుగుతుంది అని ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అలాగే ‘పిటాన్ వ్యూ’ అన్న మాట, ‘పార్షల్ వ్యూ’ అన్న మాట ఒకటి కాదు. రెండోదానికి చెట్టు కొమ్మల మధ్య ఒక కొండ మొన కనిపించినా ఒప్పుకోవాల్సిందే. సూఫ్రియేర్ అన్న ఫ్రెంచ్ పేరుకి మూలమే గంధకం. ఊరి దగ్గరి వేడినీటి బుగ్గల వాసన గాలి తిరిగిన రోజున కొన్ని గదులదాకా వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే డ్రైనేజీ పాడైందని కంగారు పడనక్కర్లేదు.

‘ప్రైవేట్ బీచ్’ అని ఎక్కడైనా రాసి ఉంటే నమ్మొద్దు. ఈ దీవిలో ఒడ్డు ప్రజలందరిదీ. హోటల్ ముందున్న ఇసుక మీద ఊరివాళ్లు నడుస్తారు, పూసలు, పండ్లు అమ్ముకునేవాళ్లు వచ్చి పలకరిస్తారు. వద్దని నవ్వుతూ చెబితే వెళ్లిపోతారు. అసలైన ఏకాంతం కావాలంటే బీచ్ మీద కాదు, గదిలోని కొలను దగ్గరే వెతుక్కోవాలి.

ఒడ్డున బల్ల వేయించుకుంటే

కొత్త జంటలు ఎక్కువగా అడిగేదీ, ఎక్కువగా చెడిపోయేదీ ఇసుక మీద ఇద్దరికే వేసే భోజనం. ఇది చెడడానికి కారణాలు దాదాపు ప్రతిసారీ ఒకటే: వేళ, గాలి, వంటగది దూరం.

మొదట వేళ. సెయింట్ లూషియా భూమధ్యరేఖకు ఉత్తరాన 14వ అక్షాంశం మీద ఉంది. సూర్యాస్తమయం నవంబరు చివర 5.35 ప్రాంతంలో, జూన్ చివర, జులై మొదట్లో 6.40 ప్రాంతంలో. అక్కడి సంధ్య మన దగ్గరిలాగే పొట్టిది, సూర్యుడు మునిగాక ఇరవై నిమిషాల్లో చిమ్మచీకటి. హోటళ్లు మామూలుగా ‘7 గంటలకు సన్‌సెట్ డిన్నర్’ అని బుక్ చేస్తాయి. డిసెంబరులో ఏడింటికి కూర్చుంటే కనబడేది నల్లటి సముద్రం. సూర్యాస్తమయానికి 45 నిమిషాల ముందు బల్ల సిద్ధంగా ఉండాలని అడగాలి. వంటగది ఆరింటికి గానీ తెరవదంటే, ముందు చల్లటి పదార్థాలూ పానీయాలూ పంపమని, అసలు వంటకం దీపం పెట్టాక తెమ్మని చెప్పొచ్చు. ఇది సాధారణంగా ఏ హోటలూ కాదనదు.

సూఫ్రియేర్ ఉత్తరపు ఒడ్డున, ఆన్స్ షస్తనే వైపు కూర్చునేవారికి పిటాన్లు దక్షిణాన ఉంటాయి. పడమటి ఎండ ఏటవాలుగా ఆ కొండ రాళ్ల మీద పడి, సూర్యుడు మునగడానికి ముందు అరగంట అవి ఎర్రమట్టి రంగులోకి తిరుగుతాయి. అస్తమయం కంటే ఈ అరగంటే చూడదగ్గది. లడేరా ఉన్నది వెయ్యి అడుగుల పైన, గట్టు మీద. అక్కడి నుంచి రెండు కొండల నడిమి సందులో సముద్రం కనబడుతుంది. డిసెంబరులో సూర్యుడు సూటి పడమరకు సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి జరుగుతాడు కనుక, కొండలు అటూ ఇటూ ఉన్న చోట, తాము వెళ్లిన నెలలో సూర్యుడు ఏ వైపు మునుగుతాడో అడిగి కూర్చోవాలి.

బల్ల ఎలా వేశారన్నది చిన్న విషయంలా ఉంటుంది కానీ అదే సాయంత్రాన్ని నిలబెడుతుంది. ఒకరు సముద్రం వైపు, ఇంకొకరు హోటల్ వైపు కూర్చునేలా వేస్తే ఒకరికి కళ్లలో ఎండ, ఇంకొకరికి వంటగది తలుపు. ఇద్దరి కుర్చీలూ ఒడ్డుకు సమాంతరంగా, ఎదురెదురుగా వేయిస్తే ఇద్దరికీ సముద్రం పక్కనే ఉంటుంది. మూలకు ఆనించి పక్కపక్కన కూర్చునేలా వేయించినా బాగుంటుంది. కుర్చీ కాళ్లు ఇసుకలో కూరుకుపోకుండా కింద చెక్కపలక వేయమనాలి. కరీబియన్ వైపు పోటుపాట్ల తేడా అర మీటరు లోపే కనుక నీళ్లు బల్లదాకా వస్తాయన్న భయం లేదు. చలికాలంలో ఉత్తరం నుంచి పెద్ద అలలు వచ్చే కొద్ది రోజులు మాత్రం బల్లని పైకి జరిపించాలి.

కొవ్వొత్తులకు గాజు చిమ్నీ లేకపోతే ఐదు నిమిషాల్లో ఆరిపోతాయి. వంటగది బల్లకు వంద అడుగులకు మించిన దూరంలో ఉంటే వేడి సాస్ పోసిన వంటకాలు, పాస్తా, సూపు వద్దు. గాలికి చల్లారిపోయి పైన పొర కడతాయి. నిప్పుల మీద కాల్చిన చేపో, కూరగాయలో అయితే చల్లారినా రుచి తగ్గదు. గాలి లేని సాయంత్రం ఇసుక దోమలు కాళ్లను పట్టుకుంటాయి. కంటికి కనబడవు, కుట్టిన చోట రెండు రోజులు దురద. ముందు సన్‌స్క్రీన్ రాసుకుని అది ఇంకాక దోమల మందు రాసుకోవాలి, పాదాలకీ చీలమండలకీ ముఖ్యంగా. బల్ల మీద తెల్లటి ఎల్ఈడీ దీపం పెడితే పురుగులన్నీ పళ్లెంలోకే వస్తాయి, పసుపు వెలుగు అడగాలి.

వాన వస్తే ఏం చేస్తారన్నది డబ్బు కట్టకముందే తేలాలి. మంచి హోటల్ మధ్యాహ్నం మూడింటికే ఆకాశం చూసి ఫోన్ చేస్తుంది: వరండాలోకి మారుస్తామా, మరో రోజుకి వేస్తామా అని. అందుకే బీచ్ భోజనాన్ని ఆఖరి రాత్రికి పెట్టుకోకూడదు. వాయిదా వేయడానికి ఒక రాత్రైనా మిగలాలి.

పళ్లెంలో ఏముంది

మెనూలో ‘గ్రీన్ ఫిగ్’ అని కనిపిస్తే అత్తిపండు అనుకోవద్దు. అది అరటికాయ. ఉడికించిన అరటికాయ, ఉప్పు చేప కలిపిన కూర ఈ దేశపు జాతీయ వంటకం. ‘డషీన్’ అంటే చామదుంప జాతి, ‘ప్రొవిజన్స్’ అంటే కిరాణా సరుకు కాదు, చామ, పెండలం, అరటికాయ, బ్రెడ్‌ఫ్రూట్ లాంటివన్నీ ఉడికించి పెట్టేది. ‘డాల్ఫిన్’ అని రాసి ఉంటే భయపడక్కర్లేదు, అది మాహీ మాహీ అనే చేప. ‘లాంబీ’ అంటే శంఖంలోని నత్త మాంసం.

రొయ్యల రాజు లాబ్‌స్టర్ విషయంలో క్యాలెండర్ చూడాలి. మార్చి నుంచి జులై దాకా వాటిని పట్టడం నిషేధం. మే నెలలో హనీమూన్‌కు వెళ్లినప్పుడు ‘ఇవాళ పట్టిన లాబ్‌స్టర్’ అని ఎవరైనా చెబితే, అది ఫ్రీజర్‌లోది గానీ, బయటి నుంచి వచ్చింది గానీ, దొంగతనంగా పట్టింది గానీ అయి ఉండాలి. ఆ రోజుల్లో మాహీ మాహీ, ట్యూనా తినడం మేలు. శుక్రవారం సాయంత్రం ఆన్స్ లా రే అనే జాలరి పల్లెలో జరిగే చేపల సంత, సీజన్‌లో దొరికేది ఏమిటో తెలుసుకోవడానికి హోటల్ మెనూ కన్నా నమ్మకమైనది.

శాకాహారులు ‘వెజిటబుల్’ అన్న మాటతో తృప్తిపడకూడదు. కలలూ అనే ఆకుకూర సూపులో పీతో, ఉప్పు పట్టించిన పంది మాంసమో వేయడం మామూలు. బియ్యం, చిక్కుడు గింజలు కలిపి వండే అన్నంలోనూ మాంసం ముక్క రుచికోసం పడొచ్చు. ‘చేప, మాంసం, వాటి రసం ఏదీ వద్దు’ అని విడమరిచి, కనీసం ఒక రోజు ముందు చెప్పాలి. రాస్తఫారీ మతస్థులు వండే ‘ఐటల్’ భోజనం చాలావరకు శాకాహారమే. ఉప్పు చాలా తక్కువ, పప్పు, దుంపలు, కొబ్బరిపాలు ఎక్కువ. రోటీ అన్నది ఇక్కడ సొంత వంటకంలా కలిసిపోయింది: 1859 నుంచి భారతీయ కూలీలను ఓడల్లో తెచ్చినప్పటి గుర్తు. బంగాళదుంప, శనగల కూర చుట్టిన రోటీ కాస్ట్రీస్ వీధుల్లో మధ్యాహ్నానికి దొరుకుతుంది. పక్కనున్న పసుపురంగు సాస్ స్కాచ్ బానెట్ అనే మిరపకాయది, గుంటూరు కారం అలవాటున్న నాలుక కూడా మొదటిసారి చుక్కతోనే మొదలుపెట్టాలి.

వడ్డించే ఆడవాళ్ల తలకో నడుముకో కనిపించే గళ్ల గుడ్డని అక్కడివాళ్లు ‘మద్రాస్’ అనే అంటారు. మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన నూలు రుమాళ్ల పేరు అది. అలాంటి రుమాళ్లు నేసిన చోట్లలో చీరాల ఒకటి. సెయింట్ లూషియా జాతీయ దుస్తుల్లో ఆ గళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

బిల్లు

ధరల పక్కన ఉన్న డాలర్ గుర్తు ఏ దేశానిదో ముందు చూడాలి. స్థానిక తూర్పు కరీబియన్ డాలర్‌ని 1976 నుంచి అమెరికన్ డాలర్‌కు 2.70గా కట్టిపడేశారు. 180 అని రాసిన భోజనం స్థానిక డాలర్లలో అయితే దాదాపు 67 అమెరికన్ డాలర్లే. పెద్ద హోటళ్లు అమెరికన్ డాలర్లలో, ఊళ్లోని చోట్లు స్థానిక డాలర్లలో రాస్తాయి. అమెరికన్ నోట్లు ఇస్తే 2.70 కన్నా తక్కువ లెక్క కట్టేవాళ్లున్నారు, కార్డు లేదా స్థానిక నోట్లు వాడితే ఆ నష్టం ఉండదు.

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్నూ సర్వీస్ చార్జీ అదనమని అర్థం. సర్వీస్ చార్జీ మామూలుగా 10 శాతం, చాలా చోట్ల బిల్లులోనే కలిసి ఉంటుంది. అమెరికా అలవాటు కొద్దీ దానిపై మళ్లీ 20 శాతం టిప్ రాసేస్తే రెండుసార్లు ఇచ్చినట్టే. బాగా చూసుకున్న మనిషికి విడిగా చేతికివ్వడం వేరు సంగతి, అది తప్పక చేయదగ్గది. గది మీద పర్యాటక సుంకం కూడా ఉంది: రాత్రి అద్దె 120 అమెరికన్ డాలర్ల లోపైతే మనిషికి రాత్రికి 3 డాలర్లు, దాటితే 6. అద్దె 120 దాటిన గదిలో ఇద్దరు, ఐదు రాత్రులంటే 60 డాలర్లు. బుకింగ్ సైట్లు దీన్ని చూపకపోవచ్చు.

ఆల్ ఇంక్లూజివ్ తీసుకోవాలా అన్నదానికి సులువైన లెక్క ఉంది. అల్పాహారంతో ఉన్న గదికీ, అన్నీ కలిపిన గదికీ రాత్రికి ఎంత తేడానో చూసి, ఇద్దరి మధ్యాహ్న, రాత్రి భోజనాలూ పానీయాలూ విడిగా ఎంతవుతాయో పోల్చాలి. మద్యం తాగని, శాకాహారం తినే జంటకు ఈ తేడా తిరిగి రావడం అరుదు. రోడ్నీ బేలో అసలు అవసరమే లేదు. సూఫ్రియేర్ కొండ మీద మాత్రం అల్పాహారం, రాత్రి భోజనం కలిపిన ప్లాన్ తీసుకుని, మధ్యాహ్నం ఊళ్లో తినడం అర్థవంతం.

నెల, వీసా

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా పొడి వాతావరణం, ఎక్కువ ధర. ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో వాన ఇంకా రాదు, అద్దెలు దిగుతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం. 2010 అక్టోబరు చివర వచ్చిన టోమస్ తుపానుకు సూఫ్రియేర్ చుట్టూ కొండచరియలు విరిగిపడి రోడ్లు తెగిపోయాయి. ఆ నెలల్లో వెళ్తే రద్దుకి డబ్బు తిరిగొచ్చే బుకింగ్, తుపానుని కవర్ చేసే బీమా ఉండాలి, రెండోది తుపానుకి పేరు పెట్టకముందే కొనాలి. సామానులో సైనికుల తరహా మచ్చల బట్టలు పెట్టకూడదు, అక్కడ పౌరులు వేసుకోవడం చట్టవిరుద్ధం. సాయంత్రం రెస్టారెంట్లకు మగవారికి పొడవు ప్యాంటు, మూసిన బూట్లు అడిగే చోట్లు ఎక్కువే.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు జంటలకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది వీసా దగ్గర. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినవారు, కెనడా, మెక్సికోలకు కొద్ది రోజులు వెళ్లొచ్చినట్టే కరీబియన్‌కూ వెళ్లి రావచ్చనుకుంటారు. ముప్పై రోజుల లోపు తిరిగొస్తే పాత స్టాంపు చాలన్న ఆ సౌకర్యం కరీబియన్ దీవులకు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌చేంజ్) వీసాల వారికే వర్తిస్తుంది, హెచ్-1బికి కాదు. స్టాంపు లేకుండా సెయింట్ లూషియా వెళ్తే తిరుగు విమానం ఎక్కనివ్వరు. అలాంటివారు ఈ దీవిని స్టాంపు పడ్డాక చూసుకుని, అమెరికా భూభాగమే అయిన ప్యూర్టోరికోకో, అమెరికన్ వర్జిన్ దీవులకో ఈసారికి వెళ్లడం క్షేమం. వర్జిన్ దీవుల నుంచి బయల్దేరేటప్పుడు కూడా అధికారులు తనిఖీ చేస్తారు కనుక పాస్‌పోర్టు, హెచ్-1బి మంజూరైనట్టు తెలిపే ఐ-797 కాగితం వెంట ఉండాలి.